కాళ్ల దగ్గర హ్యాండిల్

దయ్యాలను నేను ఎప్పుడూ నమ్మలేదు. నమ్మే వీలు కూడా లేకపోయింది. మేముండే కృష్ణానగర్ గల్లీలో పొద్దున ఆరింటికి దయ్యాలు టిఫిన్ బండి దగ్గర నిలబడి ఇడ్లీ తినేవి. తెల్లచీర, ముఖమంతా సున్నం కొట్టినట్టు పౌడరు, నోటి పక్కన ఎర్రరంగు. షూటింగ్‌లో భయపెట్టే పని ముగించుకొచ్చి, "అన్నా, జర చట్నీ ఎక్కువెయ్" అని అడిగేవి. వాళ్ల పక్కన నిలబడి తింటూ పెరిగిన దాన్ని నేను.

పైగా నా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. హైటెక్ సిటీ వచ్చిన కొత్తల్లో మాదాపూర్‌లో ఒక కంపెనీలో చేరాను. ఏదైనా తప్పు కనిపెడితే అది ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తే వచ్చింది, మళ్లీ చేస్తే మళ్లీ వస్తుందా, అన్నీ రాసి చూపించాలి. మళ్లీ చేసి చూపించలేనిదాన్ని మా టీమ్ లీడ్ ఒప్పుకునేవాడు కాదు. ఇప్పుడు రాస్తున్నది ఆయన ఒప్పుకునే రకం కాదు. అన్న బతికున్నంత కాలం బయటివాళ్లెవరికీ చెప్పలేదు. ఇప్పుడు అన్న లేడు కాబట్టి రాస్తున్నాను.

మా అన్న సత్తయ్య సినిమాల్లో ఫైటర్. హీరో ఒక్క గుద్దు గుద్దితే గాల్లోకి ఎగిరే పదిమందిలో ఒకడు. అద్దం పగలగొట్టుకుని దూకేవాడు, మేడ మీంచి లారీలో పడేవాడు. అమ్మానాన్న పోయాక నన్ను ఎంసీఏ దాకా చదివించింది అలా పడీ పడీనే. నేను ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, ఒక షాట్‌లో నడుముకి కట్టిన తాడు జారింది. అన్న తలకిందులుగా పడ్డాడు, మెడ విరిగింది.

ఆపరేషన్ అయ్యాక భుజాలు కదిలేవి, మోచేతులు కాస్త వంగేవి. వేళ్లలో పట్టు లేదు. ఛాతీ నుంచి కింద ఏమీ తెలియదు. అప్పటికి అన్నకి ముప్పై మూడేళ్లు.

ఇంటికి తెచ్చే ముందు హాస్పిటల్ మంచం కావాలన్నారు డాక్టర్లు. అన్న స్నేహితులు అరగంటలో ఒకటి పట్టుకొచ్చారు. షూటింగులకి సామాను అద్దెకిచ్చే గోడౌన్‌లోది. తెల్లగా, కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోతోంది. ఎంతమంది సినిమా అమ్మలు దాని మీద పడుకుని కొడుకు చేతిలో కన్నుమూశారో లెక్కలేదట. హ్యాండిల్ తిప్పి చూశాను. హ్యాండిల్ చక్కగా తిరిగింది, మంచం మాత్రం కదల్లేదు. లోపల మంచాన్ని లేపే స్క్రూ లేదు. పేషెంటు లేచి కూర్చునే షాట్ ఉంటే పరుపు కింద చెక్కలు పెడతారట. "కెమెరాకి గింత చాలు చెల్లె" అన్నాడు తెచ్చినాయన, నేనేదో గొంతెమ్మ కోరిక కోరినట్టు. నాకు ఒళ్లు మండింది. మంచం వెనక్కి పంపేసి మర్నాడు కోఠీ వెళ్లాను.

అక్కడ సర్జికల్ షాపు పెద్దాయన నన్నే మంచం మీద పడుకోమన్నాడు. "పడుకునేవాడికి ఎట్లుంటదో తెల్వకుంట కొనొద్దమ్మా" అని తానే తిప్పి చూపించాడు. కాళ్ల వైపు రెండు హ్యాండిళ్లు. ఒకటి వీపు భాగాన్ని లేపుతుంది, ఇంకోటి మోకాళ్లని. ముందు మోకాళ్లు కొంచెం లేపి తర్వాతే వీపు లేపాలి, లేకపోతే మనిషి కిందికి జారిపోతూ నడుము దగ్గర చర్మం ఒరుసుకుని పుండ్లు పడతాయి. చక్రాలకి బ్రేకులుండాలి. పక్క కమ్మీలు పైకి లేపినప్పుడు టక్కుమని పట్టుకోవాలి. తిప్పడం అయ్యాక హ్యాండిల్‌ని లోపలికి మడిచేయాలి, లేకపోతే వచ్చేపోయే వాళ్ల కాళ్లకి తగులుతుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఆ మంచం నాకు అణువణువూ తెలుసు. పూర్తిగా దించి ఉన్న వీపు భాగం చివరంటా లేవడానికి ముప్పై రెండు చుట్లు. లెక్కపెట్టాను.

మాది ముందు గది, వెనక వంటిల్లు. వీధి వైపు ఒకే తలుపు, కిటికీకి ఇనుప చువ్వలు. ముందు గదిలో మంచం వేశాక నడవడానికి మిగిలింది మూరెడు జాగా. అన్నని ఒక్కసారిగా లేపితే బీపీ పడిపోయి కళ్లు తిరిగేవి. అందుకని ఐదు చుట్లు తిప్పి ఆగేదాన్ని. "చాలా?" అంటే "ఇంగో ఐదు" అనేవాడు. రోజూ పొద్దున, సాయంత్రం ఇదే. పగలు నేను ఆఫీసులో ఉంటే ఎల్లమ్మ అనే ఆయమ్మ చూసుకునేది.

ఏడాదిన్నర గడిచింది. నాలో ఏం జరుగుతోందో దాచకుండా చెబుతాను. నాతో చేరినవాళ్లు ఊళ్లు తిరుగుతున్నారు, కొత్త స్కూటీలు కొంటున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. నేను రెండు గంటలకోసారి అన్నని పక్కకి తిప్పడం, యూరిన్ బ్యాగ్ ఖాళీ చేయడం. ఎవరైనా "నీ అంత మంచి చెల్లెలు ఎవరికుంటుంది" అంటే చిర్రెత్తుకొచ్చేది. అప్పుడే మా లీడ్ బెంగళూరులో ఆరు నెలల ప్రాజెక్టుకి నా పేరు రాశాడు. సోమవారంకల్లా అవునో కాదో చెప్పమన్నాడు. అన్నకి చెప్పలేదు.

ఆ శనివారం ఎల్లమ్మ చుట్టాల పెళ్లికి వెళ్లింది. తన దగ్గరున్న తాళంచెవి కూడా నాకిచ్చి పోయింది. నాలుగింటికి అన్నకి ఒళ్లు తుడిచి, మంచం పూర్తిగా దించి, కమ్మీలు లేపి, హ్యాండిళ్లు మడిచాను. యూరిన్ బ్యాగులు అయిపోయాయి, తెస్తానన్నాను. అబద్ధం. అలమారలో కొత్తవి రెండున్నాయి. బయట తాళం వేసి, రెండు చెవులూ బ్యాగులో వేసుకుని వెళ్లాను.

ఏ షాపుకీ పోలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ బస్టాపులో కూర్చున్నాను. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఏదో ఒకటి ఎక్కేసి అది ఎక్కడికి పోతే అక్కడికి పోవాలనిపించింది. ఆ తర్వాత ఇంకో ఆలోచన వచ్చింది. నేను ఇంటికి వెళ్లేసరికి అన్న లేకపోతే బాగుండు. అలా అనుకున్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు. నన్ను చదివించిన అన్న గురించి.

ఐదు కావస్తుండగా మా ఆఫీసు కిరణ్ బైక్ ఆపాడు. వాచీ చూసుకుంటూ, "సినిమాకి లేటవుతోంది, దారిలో దింపమంటావా?" అన్నాడు. వద్దన్నాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి. ఆ సమయానికి నేను అక్కడున్నట్టు చెప్పగల మనిషి ఒకడున్నాడు.

ఐదున్నరకి ఇంటికొచ్చాను. ఎదురింటి మెట్ల మీద సరోజక్క పూలు కడుతోంది. నన్ను చూసి, "మల్ల ఎప్పుడు బయటికి పోయినవే?" అంది. నేను పట్టించుకోలేదు. తాళం వేసింది వేసినట్టే ఉంది. తలుపు తీసి లోపల అడుగుపెట్టగానే మోకాలి కింద ఎముకకి ఏదో గట్టిగా తగిలింది. హ్యాండిల్. బయటికి ఉంది.

తల ఎత్తి చూస్తే అన్న నిటారుగా కూర్చుని ఉన్నాడు. మంచం వీపు భాగం చివరంటా లేచి ఉంది. అన్న మెడంతా ఎర్రగా కందిపోయి, చెమటలు కారుతున్నాయి. "తల పగుల్తుంది చెల్లె" అన్నాడు.

ఏం చేయాలో తోచక కమ్మీ దించాను. అప్పుడు కనిపించింది. మూత్రం పైపు కమ్మీకీ చట్రానికీ మధ్య నలిగి మూసుకుపోయి ఉంది. నాలుగింటికి కమ్మీ లేపింది నేనే, చూసుకోకుండా. పైపు విడిపించగానే బ్యాగు నిండడం మొదలైంది. అన్న స్నేహితులకి కబురుపెట్టి దగ్గర్లోని నర్సింగ్ హోమ్‌కి తీసుకెళ్లాం.

అక్కడి డాక్టరు పెద్దావిడ. అంతా విని, "మంచం లేపింది ఎవరమ్మా?" అంది. మెడ దెబ్బ తిన్నవాళ్లకి పైపు మూసుకుపోతే రక్తపోటు ఉన్నట్టుండి ఎక్కడికో వెళ్లిపోతుందట. అప్పుడు ముందు చేయాల్సిన పని కూర్చోబెట్టడం. పడుకోబెట్టి ఉంచితే తలలో నరం చిట్లేదేమో అంది. "ఎవరు లేపారో గానీ, బతికించారు" అంది. అందరూ నావైపు చూశారు.

నేను నోరు తెరిచేలోపు అన్నే అన్నాడు. "మా చెల్లెనే."

ఆ రోజు రాత్రి వార్డులో అన్నని అడిగాను. చెప్పడానికి వింతేముంది అన్నట్టు చెప్పాడు. తల పోటు మొదలైందట. పిలిచాడట. యూసుఫ్‌గూడ వైపు మసీదులో సాయంత్రం అజా వినిపిస్తుండగా నేను కాళ్ల దగ్గర కూర్చుని హ్యాండిల్ తిప్పుతున్నానట. "ఎప్పుడు ఐదు తిప్పి ఆగుతవ్ గద. గియ్యాల ఆగకుంట తిప్పినవ్. పిలిస్తే పలకలే. మల్ల ఎటు పోయినవో సూడలే, కండ్లు మూస్కున్న." నా ఒంటి మీదున్న పచ్చ డ్రెస్సు రంగు కూడా చెప్పాడు. అది వేసుకునే నేను బయటికి వెళ్లాను, అది అన్న చూశాడు కాబట్టి దాన్ని సాక్ష్యంగా లెక్కపెట్టను.

మర్నాడు ఆ సమయంలో అజా ఎప్పుడు వినిపిస్తుందో చూశాను. ఐదుకి రెండు మూడు నిమిషాల ముందు. కిరణ్ నాతో మాట్లాడింది సరిగ్గా అప్పుడే.

సరోజక్కని అడిగాను. నాలుగున్నర నుంచి మెట్ల మీదే కూర్చుందట. ఎవరూ రాలేదట. "లోపల మంచం కిర్రు కిర్రుమంటుండె. తాళం దిక్కు సూడలే, నువ్వు ఇంట్లనే ఉన్నవనుకున్న" అంది. ఆ చప్పుడు ఆమెకి రోజూ అలవాటే.

తర్వాత నా ఉద్యోగం నేను చేశాను. మంచం మీద బియ్యం బస్తాలు వేసి చూశాను, తీసి చూశాను, హ్యాండిల్ బయటికి పెట్టి ఊపి చూశాను. కోఠీ పెద్దాయనని ఇంటికే పిలిపించాను. ఆయన మంచం కింద దూరి, స్క్రూ అంతా చూసి, గ్రీజు పూసి లేచాడు. "అరిగిపోతే కిందికి జారుతదమ్మా. తనంతట తాను పైకి లేవనైతే లేవదు. పేషెంటుకి చెయ్యి అందదు గదా" అన్నాడు. ముప్పై రెండు చుట్లు. ఒక్క చుట్టు కూడా దానంతటది తిరగలేదు. తేదీలు వేసి రాసుకున్న ఆ కాగితాలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి. ప్రతిదాని ఎదురుగా ఒకటే మాట, మళ్లీ జరగలేదు.

సోమవారం బెంగళూరు వద్దన్నాను. త్యాగం అనుకోవద్దు. భయం. నేను మళ్లీ ఇల్లు వదిలితే నా రూపంలో ఆ రెండోది వచ్చి కూర్చుంటుందని భయం. చాలాకాలం నేను ఆఫీసు నుంచి వచ్చి లోపలికి వెళ్లేముందు తలుపుకి చెవి ఆనించి వినేదాన్ని. లోపల ఎల్లమ్మ ఉన్నా సరే, హ్యాండిల్ చప్పుడు వినిపిస్తే ఆమెని పేరుపెట్టి పిలిచి, పలికాకే లోపలికి వెళ్లేదాన్ని.

ఇంటికి ఎవరొచ్చినా అన్న ఆ కథ చెప్పేవాడు. "మా చెల్లె లేకుంటే గా దినమే పోతుంటి" అనేవాడు. వాళ్లు నన్ను మెచ్చుకునేవాళ్లు. నేను టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. పైపు నలిపింది నేను, బస్టాపులో కూర్చుని అన్న పోవాలనుకున్నది నేను. బతికించిన పేరు కూడా నాకే వచ్చింది.

ఆ పేరు ఆరేళ్లు మోశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నకి అన్నం తినిపించి, ఇక ఉండబట్టలేక చెప్పేశాను. ఆ రోజు నేను ఇంట్లో లేనన్నాను. బస్టాపు గురించి చెప్పాను. అక్కడ ఏమనుకున్నానో కూడా చెప్పాను. చెప్పి, తిడతాడనో ఏడుస్తాడనో తల వంచుకుని కూర్చున్నాను.

అన్న మూతి భుజానికి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు.

"నాకు ఎరుకనే చెల్లె. నువ్వు కాదని ఆ దినమే ఎరుక."

"మరి అందరికీ నేనే అని ఎందుకు చెప్పావన్నా?"

"మరెవలని చెప్పాలె? అచ్చం నీ లెక్కనే ఉండె."

నేను కాదని ఎలా తెలిసిందని అడిగాను. అడగకపోయినా బాగుండేది.

"తిప్పినంత సేపు అది నా మొఖమే సూసిందే. నువ్వు యాక్సిడెంట్ అయినకాంచి ఒక్కపారి కూడ నా మొఖం దిక్కు సూడలే."

కోపంగా అనలేదు. మంచినీళ్లు అడిగినట్టు అన్నాడు. కాదని చెప్పబోయాను. వీపు చూశాను, పుండ్లు పడతాయేమోనని మడమలు చూశాను, పైపు చూశాను, బ్యాగు చూశాను. అన్నం పెట్టేటప్పుడు నోరు చూశాను. అన్న ముఖం ఎప్పుడు చూశానో గుర్తు తెచ్చుకోవాలని ప్రయత్నించాను, గుర్తు రాలేదు.

అప్పుడు తల ఎత్తి చూశాను. కణతల దగ్గర వెంట్రుకలు తెల్లబడ్డాయి. ఎప్పుడు తెల్లబడ్డాయో నాకు తెలియదు. అన్న నన్ను చూసి కొంచెం నవ్వాడు.

ఆ తర్వాత అన్న మరో మూడేళ్లు బతికాడు. ఆ శనివారం మంచం దగ్గర కూర్చున్నది ఎవరో నేను ఇప్పటికీ చెప్పలేను. నేను కాదని మాత్రం చెప్పగలను.