పుస్తకం తొక్కబోయిన మాస్టారు

ఆ రోజుల్లో నాకు అర్థం కాని విషయం లోకంలో ఒక్కటే ఉండేది, నాకు ఉద్యోగం ఎందుకు రావడం లేదన్నది. మిగతావన్నీ తెలుసు. ఇరవై నాలుగేళ్ళ వయసు, తత్వశాస్త్రంలో ఎమ్మే, అదీ ఫస్టు క్లాసు, గడ్డం కూడా కొంచెం పెంచాను (చదువుకు తగ్గట్టు ఉంటుందని). ఏం చదివావని ఊళ్ళో ఎవరైనా అడిగితే 'ఫిలాసఫీ అండి' అనేవాణ్ణి. పక్కింటాయన అయితే 'అలాగా బాబూ' అని వెంటనే అరచెయ్యి చాపి, 'మా రెండోవాడికి ఈ ఏడైనా ట్రాన్స్‌ఫర్ అవుద్దంటావా?' అని అడిగాడు. ఇది వేరేనండి అని చెబితే, ఇంకా అంతదాకా నేర్చుకోలేదు కాబోలని నా మీద జాలిపడ్డాడు. అప్పటికి రెండు కాలేజీల్లో డెమో క్లాసులు చెప్పాను. మొదటి చోట వెనక బెంచీ నిద్రపోయింది. రెండో చోట నన్ను ఎంపిక చెయ్యాల్సిన పెద్దాయనే నిద్రపోయాడు. మూడోది రాజమండ్రిలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ. ఇదీ పోతే సోమవారం నుంచి భీమవరంలో మా మావయ్య రొయ్యల మేత కొట్లో కూర్చోవాలని నాన్నగారు తేల్చి చెప్పేశారు. మావయ్య అప్పటికే నాకోసం కుర్చీ కూడా తెప్పించాడట.

డెమోకి వాళ్ళిచ్చిన అంశం, మంచిచెడ్డలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది. నాలాంటివాడికి అంతకంటే మేలైన అంశం దొరకదు, ఎందుకంటే దానికి జవాబు లేదు, జవాబులున్నాయి. దేవుడు వద్దన్నాడు కాబట్టి చెడ్డది అనేవాళ్ళు కొందరు. కాదు, నలుగురూ కలిసి బతకడానికి చేసుకున్న ఒప్పందమేనని కొందరు. ఎక్కువమందికి మేలు చేసేదే మంచిదని కొందరు. ఈ పని అందరూ చేస్తే ఏమవుతుందో నీ బుద్ధినే అడుగు, అదే చెబుతుందని కొందరు. ఇవేవీ కాదు, ఎదుటివాడి బాధ చూస్తే మనకి లోపల కలుక్కుమంటుందే, ఇదంతా అక్కడే పుట్టిందని ఇంకొందరు. వీళ్ళందరినీ చదివి, అందరిలోనూ లోపాలు పట్టి, చివరికి నా సొంత సిద్ధాంతం ఒకటి తయారుచేసుకున్నాను. అంతా అలవాటే. చిన్నప్పుడు చెవి మెలేసి చెప్పినవే పెద్దయ్యాక నీతి అయి కూర్చుంటాయి. (ఈ మాట నాకంటే ముందు చాలామంది అన్నారని తర్వాత తెలిసింది. పోనీలెండి.)

పిల్లలు నిద్రపోకుండా ఈ సంగతి చెప్పాలంటే చిన్న నాటకమేదో ఆడాలి. అప్పుడు తట్టింది పుస్తకం. మా ఇళ్ళలో కాలికి కాగితం ముక్క తగిలినా వంగి తీసి కళ్ళకద్దుకోవాలి, లేకపోతే 'కళ్ళు పోతాయిరా' అని మా నాన్నమ్మ కేకేసేది. కాబట్టి క్లాసు మధ్యలో ఒక పుస్తకం కింద పెట్టి, అందరూ చూస్తుండగా దాని మీద కాలు వేసి నిలబడతాను. చూశారా, నా కళ్ళు పోలేదు అంటాను. చప్పట్లు కొడతారు. ఉద్యోగం ఇస్తారు. ఇదీ పథకం.

ముందురోజు రాజమండ్రి దానవాయిపేటలో మా బాబాయి ఇంట్లో దిగి, గది తలుపు దగ్గరగా వేసి సాధన మొదలుపెట్టాను. న్యూస్‌పేపరు మీద సులువుగానే నిలబడ్డాను. ఇంతలో పిన్ని కాఫీ పట్టుకుని వచ్చింది.

"ఏంట్రా, పేపరు మీద నిలబడ్డావు? కాళ్ళు తడిగా ఉన్నాయా?"

విషయం చెప్పాను. పిన్ని కాఫీ గ్లాసు బల్ల మీద పెట్టింది.

"పేపరయితే పరవాలేదులే. జంతికలు తీసి వేసేది దాని మీదేగా. పుస్తకం మాత్రం తొక్కకు నాయనా."

"మరి పంచాంగం?"

"అమ్మో, వద్దు."

"పోయినేడాదిదైతే?"

పిన్ని తడబడింది. "పాతదైతే అటకెక్కించు గాని, కాలు పెట్టకు."

"కరెంటు బిల్లు?"

"అది తొక్కు. కావాలంటే నేనూ వచ్చి తొక్కుతాను."

"అసలీ గీత ఎవరు గీశారు పిన్నీ?"

"ఎవరో పెద్దవాళ్ళు గీసే ఉంటారు. నువ్వెళ్ళి చెరపకు. కాఫీ తాగు, చల్లారిపోతుంది."

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చిన బాబాయి దేవుడి జోలికి పోలేదు. "నీ కళ్ళ సంగతి అలా ఉంచు. నిన్ను పంపింది నేనని కాలేజీ కరస్పాండెంటు గారికి తెలుసు. రేపు నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. నాన్నమ్మకి దేవుడు, బాబాయికి నలుగురు, పిన్నికి ఆ కలుక్కుమనేదేదో. హాస్టల్లో రెండేళ్ళుండి నేను నేర్చుకున్నవన్నీ మా ఇంట్లోనే మాట్లాడుకుంటున్నారని అప్పుడు నాకు తోచలేదు. పామరులని జాలిపడి అన్నం తిని పడుకున్నాను.

మర్నాడు పదింటికి క్లాసు. నలభై మంది పిల్లలు, వెనక కుర్చీల్లో ఇద్దరు పెద్దలు. ఒకరు కాలేజీ పెట్టిన కరస్పాండెంటు గారు, తెల్లబట్టలు, భుజాన కండువా. రెండోవారు ప్రిన్సిపాల్ మేడమ్, లెక్కలు చెప్పే ఆవిడ, పెన్ను చేతిలో ఉన్నా మూత తియ్యలేదు. అరగంటలో ఐదు సిద్ధాంతాలూ దంచేశాను. ఎవరూ నిద్రపోలేదు. ఇక నాటకం మొదలుపెడదామని బ్యాగులో చెయ్యి పెడితే రాత్రి పెట్టుకున్న పుస్తకం లేదు. (పిన్ని పొద్దున్నే దాన్ని తీసి దేవుడి గదిలో దాచేసిందట.) ఆలోచించే వ్యవధి లేదు. మొదటి బెంచీలో ఒక అమ్మాయి ముందున్న పుస్తకం చటుక్కున తీసి కింద పెట్టాను. కేలండరు కాగితంతో అట్ట వేసి ఉంది, మూలల్లో పసుపు.

"ఇదేంటి? కాగితం, సిరా, జిగురు. దీని మీద కాలు పెడితే ఏమవుతుంది?"

"కళ్ళు పోతాయండి" అన్నారు సగంమంది నవ్వుతూ.

"సార్, ఫోన్లో పీడీఎఫ్ ఉందండి. ఫోను తొక్కొచ్చాండి?" అని వెనక నుంచి ఒకడు అడిగాడు.

"స్విచ్ఛాఫ్ చేసి తొక్కరా" అని పక్కవాడు నా తరఫున సమాధానం చెప్పాడు.

నేను గంభీరంగా ముందుకి జరిగి, కుడికాలి చెప్పు విడిచాను. "సార్, చెప్పెందుకు విప్పారండి?" అన్నాడు మళ్ళీ ఆ ఫోనువాడే. నిజమే, ఎందుకు విప్పాను? గుడిలోకి వెళ్తున్నవాడిలా చెప్పు విడిచి మరీ పుస్తకం తొక్కబోయే విప్లవకారుణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. సరే, కాలెత్తాను. ఎత్తిన కాలు అక్కడే ఉండిపోయింది. దించమంటే దిగదు. మెదడు తొక్కమంటోంది, కాలు వినడం లేదు. నలభై మంది ముందు కొంగలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. చివరికి ఎడమ మోకాలు వణికి, ఒళ్ళు తూలి, కాలు వెళ్ళి పుస్తకం మీదే పడింది. ఆ మరుక్షణం వంగాను, పుస్తకం తీశాను, రెండు కళ్ళకీ అద్దుకున్నాను, లెంపలు కూడా వేసుకున్నాను.

క్లాసు గొల్లుమంది. కరస్పాండెంటు గారు కండువాతో కళ్ళు తుడుచుకుంటూ, "భలేవారండీ. దేవుడికి భయపడి వేసుకున్నారా లెంపలు, మమ్మల్ని చూసా?" అన్నారు. ఆ క్షణంలో నాకో తెలివి పుట్టింది. "రెండూ కాదండి, అలవాటండి. నేను చెప్పాలనుకున్నది ఇదే. ఇది చూపించడానికే ఇదంతా చేశాను" అన్నాను, పరమ ధీమాగా. పిల్లలు చప్పట్లు కొట్టారు. కరస్పాండెంటు గారు 'ఆహా' అన్నారు. ఉద్యోగం చేతికి అందినట్టే.

అప్పుడు ప్రిన్సిపాల్ మేడమ్ పెన్ను మూత తీశారు.

"ఆ పుస్తకం ఎవరిదండి?"

"ఈ అమ్మాయిదండి."

"అడిగి తీసుకున్నారా?"

పుస్తకం నా చేతిలోనే ఉంది. ఆ అమ్మాయి వంక చూశాను. అంతమంది నవ్వుతున్నారు గాని ఆ పిల్ల నవ్వడం లేదు. పుస్తకం ఉండాల్సిన చోట ఖాళీ బల్ల మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుంది. ఎవరి దగ్గర అరువు తెచ్చుకుందో, ఎంత ముచ్చటపడి అట్ట వేసుకుందో. మాస్టారు తీసుకున్నాడు, తొక్కుతానన్నాడు, వద్దని ఎలా అంటుంది? నాకు చాలా సిగ్గేసింది. విచిత్రం ఏమిటంటే, మా ఇళ్ళలో పెద్దవాళ్ళు పిల్లల వస్తువుల్ని అడిగి తీసుకునే అలవాటు ఏనాడూ లేదు. అలా తీసుకుంటే కళ్ళు పోతాయని నాన్నమ్మ ఎప్పుడూ అనలేదు. నలుగురిలోనూ ఎవరూ ఏమీ అనుకోవడం లేదు, చప్పట్లు కొడుతున్నారు. అయినా తప్పు చేశానని నాకు తెలిసిపోయింది. నా సిద్ధాంతం ప్రకారం అలా తెలియకూడదు.

"అడగలేదండి" అన్నాను. నోరు ఊరుకోక, "ఇంకోటండి. లెంపలు వేసుకోవడం పాఠంలో భాగం కాదండి. నిజంగానే భయపడ్డాను" అని కూడా అనేశాను. కరస్పాండెంటు గారి మొహంలో నవ్వు తగ్గిపోయింది. రొయ్యల మేత వాసన అప్పుడే ముక్కుకి తగిలింది. పుస్తకం తీసుకెళ్ళి ఆ అమ్మాయి ముందు పెట్టి, "అడక్కుండా తీసుకున్నానమ్మా. తప్పయిపోయింది" అన్నాను.

"ఆయ్, పరవాలేదండి" అంది ఆ పిల్ల, పుస్తకం దగ్గరికి లాక్కుంటూ. "చదవడానికి తీసుకున్నారనుకున్నానండి."

ఉద్యోగం వచ్చింది. నేను కొంగలా నిలబడినందుకు కరస్పాండెంటు గారు ఓటేశారనీ, 'అడగలేదండి' అన్నందుకు తాను వేశాననీ చాలాకాలం తర్వాత మేడమే చెప్పారు. ఆ లెక్కన ఒకే మంచి పనికి రెండు కారణాలుండొచ్చన్నమాట.

ఇప్పుడు నా గడ్డంలో తెల్లవెంట్రుకలు వచ్చాయి. అదే కాలేజీ, అదే పాఠం. ఐదు సిద్ధాంతాలూ చెబుతాను, నాది మాత్రం చెప్పను. ఒంటికాలి మీద నిలబడిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది. ఎంత నమ్మకంగా నిలబడ్డాడో పాపం. ఎప్పుడైనా క్లాసులో పుస్తకం కావాల్సి వస్తే మొదటి బెంచీ దగ్గర ఆగి, 'అమ్మా, ఒకసారి ఇస్తావా?' అని అడుగుతాను. పిల్లలు వింతగా చూసి, 'తీసుకోండి సార్, దానికి అడగడం దేనికండి?' అంటారు. ఎందుకు అడగాలో చెప్పే సిద్ధాంతం నా దగ్గర ఇప్పటికీ లేదు. అందుకని ఇచ్చేదాకా నిలబడి, రెండు చేతులతో అందుకుంటాను.