కళాయి బిందె

నాగశ్రీకి ఎం.టెక్. పట్టా ఇంకా చేతికి రాలేదు గానీ, ఏలూరు పవర్‌పేటలోని వాళ్ళింట్లో ఆ చదువు అప్పటికే పెత్తనం మొదలుపెట్టింది. తాడేపల్లిగూడెంలో పర్యావరణ ఇంజనీరింగులో చేరీ చేరగానే ఫ్రిజ్‌లోని ప్లాస్టిక్ సీసాలకు మూడింది. ఆ తర్వాత వంటింట్లో పప్పుల డబ్బాల వంతు వచ్చింది. ఎవరూ లేని గదిలో ఫ్యాను తిరిగితే ఇంట్లో అందరికీ పాఠం జరిగేది. తండ్రి భాస్కరరావు పౌరోహిత్యం చేస్తారు. ఊళ్ళో అందరికీ ముహూర్తాలు పెట్టే మనిషి, చిన్న కూతురు హాస్టల్ నుంచి వస్తోందంటే టీ తాగిన కాగితం కప్పు ఎక్కడ దాచాలా అని వెతుక్కునేవారు. వెతుక్కుంటూనే మురిసిపోయేవారు. పిల్ల చెప్పిందంటే పుస్తకంలో ఉండే ఉంటుందని ఆయనకు గట్టి నమ్మకం.

అక్క హిమబిందు ఏడో నెలతో పుట్టింటికి రావడంతో నాగశ్రీకి పట్టపగ్గాలు లేకుండా పోయాయి.

"అటక మీద బామ్మ ఇత్తడి సామాను అంతుండగా అక్కకి ప్లాస్టిక్ క్యానులో నీళ్ళేంటమ్మా? దింపండి," అంది తల్లి కనకమహాలక్ష్మితో.

దింపారు. బామ్మ వీరరాఘవమ్మకైతే పండగే. తను కాపరానికి తెచ్చుకున్న బిందె, చారు కాచిన గిన్నె చాలా ఏళ్ళకు మళ్ళీ వెలుతురు చూశాయి. ఇత్తడిలో పులుపు పోస్తే చిలుం పడుతుంది కాబట్టి లోపల కళాయి వేయించాలి. కళాయి వేసేవాళ్ళు ఈ రోజుల్లో అంత సులువుగా దొరుకుతారా? భాస్కరరావు నాలుగు వీధులు వాకబు చేసి, సైకిలు మీద తిరిగే అతన్నెవరినో పిలుచుకొచ్చారు. అతను పెరట్లో నిప్పులు రాజేసి, గిన్నెల లోపలంతా వెండిలా మెరిపించి వెళ్ళాడు. బామ్మ ఆ బిందెలో తన మొహం చూసుకుని నవ్వుకుంది.

నాగశ్రీ థీసిస్ సీసం మీద. నీళ్ళలోకి చేరే సీసం ఏ కాలవలో ఎంత ఉందో, కొల్లేరులోకి ఎంత వెళుతోందో చూడమని రవిశంకర్ మాస్టారు అప్పగించారు. కలిదిండి నుంచి వచ్చే స్టెల్లా ఆమెకు జోడీ. ఇద్దరూ దోనెక్కి కొల్లేరులో నీళ్ళు పట్టారు. పెదపాడు చెరువు గట్ల మీద జారిపడ్డారు, మురుగు కాలవల పక్కన ముక్కులు మూసుకున్నారు. వీటన్నిటి పక్కన పెట్టి పోల్చడానికి శుభ్రమైన నీళ్ళు ఒక సీసాడు కావాలి.

"మా ఇంటి కుళాయి నీళ్ళు పెడతానండీ," అంది నాగశ్రీ, కొంచెం గర్వంగానే. ఖాళీ సీసా ఇంట్లో ఇచ్చి వచ్చింది. పని మీద గూడెం వచ్చినప్పుడు భాస్కరరావు నిండు సీసా తెచ్చి ఇచ్చారు.

ఫలితాలు వచ్చిన మధ్యాహ్నం స్టెల్లా కంప్యూటర్ ముందు కూర్చుని పగలబడి నవ్వింది. "మా కలిదిండి మురుగు కాలవే నయం కదే! మీ ఇంటి నీళ్ళే అన్నిటికంటే ఎక్కువ చూపిస్తన్నాయి."

పక్కకు తిరిగి నాగశ్రీ మొహం చూశాక ఆ నవ్వు ఆగిపోయింది. సీసా మారిందేమోనని చూశారు. మారలేదు. మళ్ళీ పరీక్ష చేశారు. మళ్ళీ అదే వచ్చింది. మంచినీళ్ళలో ఉండకూడనంత సీసం, హద్దు దాటి చాలా పైన ఉంది.

"కంగారు పడకమ్మా," అన్నారు రవిశంకర్ మాస్టారు. "ముందు ఆ సీసా ఎవరు నింపారో, ఎలా నింపారో కనుక్కో."

నాగశ్రీ వరండాలోకి వెళ్ళి తల్లికి ఫోన్ చేసింది.

"నేనే నింపానే, ఏం?" అంది కనకమహాలక్ష్మి.

"కుళాయి కింద పెట్టే పట్టావా?"

"కుళాయి వచ్చేది ఎంతసేపే? అది ఆగేలోపు బామ్మ మడి బిందె నిండాలా వద్దా? మర్నాడు నాన్నగారు బయల్దేరుతుంటే ఆ బిందెలోంచే పోశాను. మనింట్లో అంతకంటే శుభ్రమైన నీళ్ళు ఎక్కడున్నాయి?"

నాగశ్రీ అటక మీంచి దింపించి కళాయి వేయించిన బిందె అదే. కళాయికి వాడాల్సింది తగరం. తగరం ఖరీదు. ఖర్చు కలిసి రావాలని కొందరు అందులో సీసం కలుపుతారని క్లాసులో విన్నది ఇప్పుడు గుర్తొచ్చింది. అది ఏ గిన్నెలో ఉందో చూస్తే తెలియదు, అదీ వెండిలాగే మెరుస్తుంది.

"అమ్మా... అక్క ఏ నీళ్ళు తాగుతోంది?"

"బిందె నీళ్ళే. నువ్వేగా చెప్పావు. నోరు చప్పగా ఉందంటే బామ్మ రెండు పూటలా ఆ గిన్నెలోనే చారు కాచి పోస్తోంది."

చింతపండు చారు. పులుపు తగిలితే సీసం ఇంకా దిగుతుంది. ఆ రెండూ వాడొద్దని ఫోనులోనే చెప్పాల్సింది. చెబితే అమ్మ ఎందుకని గట్టిగా అడుగుతుంది, అక్క వింటుంది అని భయం వేసింది. "నేను వస్తున్నా," అని మాత్రం అంది.

రైల్లో కిటికీ పక్కన కూర్చుంది గానీ, బయటి పొలాలు గానీ చేపల చెరువులు గానీ ఆమె కంటికి ఆనలేదు. గర్భిణి ఒంట్లో చేరిన సీసం కడుపులో బిడ్డకు కూడా చేరుతుందని, ఆ బిడ్డ మెదడు మీద పనిచేస్తుందని ఆమె పరీక్షలో రాసింది. ఆ జవాబుకు మార్కులు బాగానే పడ్డాయి. రాస్తున్నప్పుడు అదొక పాయింటు, అంతే. ఇప్పుడు ఆ వాక్యానికి అక్క మొహం వచ్చింది. భీమడోలు దగ్గర రైలు ఊరికే నిలబడిపోతే, దిగి పరుగెత్తాలన్నంత భయం వేసింది. అక్క ఈపాటికి భోజనానికి కూర్చుని ఉంటుందేమో, బామ్మ చారు వడ్డిస్తూ ఉంటుందేమో.

ఇంట్లో అడుగు పెట్టేసరికి హిమబిందు చారు గ్లాసు పెదవుల దగ్గర పెట్టుకుని ఉంది. నాగశ్రీ దాన్ని లాక్కుంది. కాళ్ళు కడుక్కోలేదు, రైలు బట్టలు మార్చలేదు. ఆ బట్టలతోనే వంటింట్లోకి వెళ్ళి మడి బిందె ఎత్తి, నీళ్ళన్నీ పెరట్లో కుమ్మరించింది. వెనకాలే చారు గిన్నె కూడా బోర్లించింది.

"అయ్యో అయ్యో, మైల బట్టలతో మడి బిందె ముట్టుకున్నావుటే! నీకేమైనా మతి పోయిందా?" అని బామ్మ కేకలు వేసింది.

నాగశ్రీ తండ్రిని వీధి అరుగు మీదికి తీసుకెళ్ళి అంతా చెప్పింది. ఆయన తిడతారనుకుంది. తిట్టినా బాగుండేది.

"మనం ఏం పొరపాటు చేశామమ్మా?" అన్నారు భాస్కరరావు, అయోమయంగా. "నువ్వు చెప్పినట్టే చేశాం కదా?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఆయన నిజంగానే అడుగుతున్నారు. నాగశ్రీకి ఏడుపు ఆగలేదు. ఇత్తడి దింపమన్నది తను. కళాయి ఎవరు వేస్తున్నారో, ఏం వేస్తున్నారో ఒక్క మాట అడగనిది కూడా తనే. ఇన్ని ఊళ్ళ నీళ్ళు పరీక్ష చేసి, అక్క చేతిలోని గ్లాసు మాత్రం చూడలేదు.

గుమ్మంలో హిమబిందు నిలబడి ఉంది. అంతా వింది.

"నాకేం చేస్తుందో తర్వాత చెప్పు," అంది, పొట్ట మీద చెయ్యి వేసుకుని. "లోపల దీనికేం చేస్తుందో చెప్పు."

నాగశ్రీకి తెలుసు. చెప్పకుండా అక్కనూ బామ్మనూ కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీసింది.

డాక్టరమ్మ ఇద్దరి రక్తమూ తీయించి హైదరాబాదు పంపింది. ఆ ఫలితం వచ్చేదాకా ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. కడుపులో బిడ్డ కదిలితే హిమబిందు ఉలిక్కిపడేది, కదలకపోతే ఇంకా భయపడేది. నాగశ్రీ అక్క పక్కనే చాప వేసుకుని పడుకుంది, కళ్ళు మూసుకోవాలంటే భయం.

చివరికి ఫలితం వచ్చింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువే. అయితే ఆ గిన్నెలు వాడింది కొద్ది వారాలే కాబట్టి మరీ ప్రమాదం అనుకోనక్కర్లేదు, తగ్గుతుంది అంది డాక్టరమ్మ. కాల్షియం, ఐరన్ మాత్రలు రాసింది. "బిడ్డ సంగతి మాత్రం పుట్టాక, పెరుగుతుంటే చూసుకుంటూ ఉండాలమ్మా. ఇప్పుడే ఏమీ చెప్పలేను," అంది. ఆ 'చెప్పలేను' అన్న మాట వాళ్ళతోపాటే ఇంటికి వచ్చి కాపురం పెట్టింది.

నెలలు నిండాక హిమబిందుకు ఆడపిల్ల పుట్టింది. గట్టిగా ఏడ్చింది, బరువు కూడా బాగానే ఉంది. అందరూ సంతోషించారు. కానీ దాని చూపు ఎటు తిరుగుతోందో, చప్పుడుకు తల తిప్పుతోందో లేదో అని ఇంటిల్లిపాదీ ఒకరికి తెలియకుండా ఒకరు గమనిస్తూనే ఉన్నారు.

ఒకరోజు బామ్మ తన పెట్టె తెరిచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. ఆ ఇంట్లో పిల్లలందరూ దాంతోనే తాగారు. హిమబిందూ తాగింది, నాగశ్రీ కూడా తాగింది. ఎప్పుడో విరిగిన దాని కొమ్ముకు ఎవరో అతుకు వేయించారు. మామూలుగా అయితే ఎవరినీ అడిగే మనిషి కాదు వీరరాఘవమ్మ. ఇప్పుడు ఆ గిన్నెను రెండు చేతుల్లో పట్టుకుని, మడి మాట మరిచి, నాగశ్రీ పక్కన వచ్చి కూర్చుంది.

"చూసి చెప్పవే అమ్మా. దీంతో పట్టొచ్చా పిల్లకి?"

వంటింట్లోంచి తల్లి, మంచం మీది నుంచి అక్క, వాకిట్లోంచి తండ్రి నాగశ్రీ వైపే చూశారు. ఆమె ఏది చెబితే అదే జరుగుతుంది. ఇంత జరిగాక కూడా వాళ్ళ నమ్మకం పిసరంత తగ్గలేదు. ఆమెకు అన్నిటికంటే భయం వేసింది అది చూసే.

గిన్నె అందుకుంది. ఆ అతుకు దగ్గర వేలు పెట్టి తడిమింది. ఆ అతుకులోనూ సీసం ఉండొచ్చు.

"తెలీదు బామ్మా," అంది. ఆ ఇంట్లో ఆమె నోటి వెంట ఆ మాట రావడం అదే మొదలు. "పరీక్ష చేసి చెప్తాను. అప్పటిదాకా స్టీలు చెంచాతో పట్టండి."

బామ్మ లేచి వెళ్ళి తన పాత చీరలోంచి ఒక గుడ్డ చింపుకొచ్చి, ఉగ్గుగిన్నెను అందులో చుట్టి, గూడెం తీసుకెళ్ళడానికి నాగశ్రీ బ్యాగులో పెట్టింది.