ఆ కుక్క ఏ రంగు?

మావయ్య నోట 'ఓడిపోయాం' అన్న మాట ఎవరూ వినలేదు. ఆయన అంటిపెట్టుకుని బతికిన ఫుట్‌బాల్ క్లబ్బేమో ఓడిపోవడంలో చుట్టుపక్కల ఊళ్ళన్నిటినీ ఓడించింది. కాబట్టి ఆ మాట వాడకుండా ఆ క్లబ్బు చరిత్ర చెప్పడం ఎంత కష్టమో మీరే ఊహించుకోవచ్చు. మావయ్యకు మాత్రం కష్టమనిపించేది కాదు. ప్రతి మ్యాచ్‌కూ ఆయన దగ్గర ఒక కారణం సిద్ధంగా ఉండేది. గాలి, ఎండ, గడ్డి, బంతిలో చేరిన తేమ, మైదానం ఒక పక్కకి ఉన్న వాలు. ఊరు ఆయనకు 'కారణంగారు' అని పేరు పెట్టింది. వెటకారానికి పెట్టిన పేరే అయినా ఆయన దాన్ని డిగ్రీ పట్టాలా స్వీకరించాడు.

వృత్తిరీత్యా ఆయన స్టేడియం ఎలక్ట్రీషియను. మైకూ దీపాలూ ఆయన చేతిలో ఉండేవి. మైకు ఎలాగూ చేతిలోనే ఉంది కదా అని ప్రకటనలు కూడా ఆయనే చేసేవాడు. రిటైరయ్యాక గ్యాలరీ కింద ఉన్న ట్రోఫీల గది ఆయనకు అప్పగించారు. గది పెద్దది, ట్రోఫీ ఒక్కటి. మిగిలిన చోటంతా చిరిగిన బూట్లు, గాలిపోయిన బంతులు, విరిగిన గోల్‌పోస్టు ముక్క, వాటి పక్కన వాటి తరఫున మావయ్య వాదనలు.

క్లబ్బు పుట్టి డెబ్బై అయిదేళ్ళయిన సందర్భంగా చరిత్ర పుస్తకం వెయ్యాలని ప్రెసిడెంటుగారు సంకల్పించారు. రాసే పని మావయ్య మేనకోడలికి అప్పజెప్పారు. ఆవిడ కాలేజీలో చరిత్ర చెబుతుంది. ఇలాంటి పుస్తకాలంటే ఆవిడకు ఒళ్ళుమంట. వాటిలో స్థాపకులందరూ దార్శనికులు, దాతలందరూ నిరాడంబరులు, మైదానం పవిత్రం, చెమట అమృతం. తాను మాత్రం జరిగింది జరిగినట్టు రాస్తానని ముందే చెప్పి, సెలవుల్లో మావయ్య ఇంట్లో దిగింది.

మొదటి రోజే గొడవ మొదలైంది.

"ఆరు గోల్స్ పడ్డాయి మావయ్యా. ఆరింటికీ గాలేనా?"

"అయిదింటికి గాలి. ఒకటి ఎండ. అన్నీ గాలి మీదికే తోసేస్తే దానికి అన్యాయం చేసినట్టవుతుంది."

"సగం ఆట అయ్యాక వైపులు మారతారుగా. అప్పుడు ఆ గాలి వాళ్ళకి ఎదురవ్వాలి కదా?"

"అదీ వైపు మారింది. ఆటగాళ్ళు మారగా లేంది, గాలి మారకూడదా?"

విచిత్రమేమిటంటే ఆయన రిఫరీని కూడా ఏమీ అనడు. రిఫరీని తిట్టని ఫుట్‌బాల్ అభిమానిని ఆవిడ అంతకుముందు చూడలేదు. ఒక ఆదివారం గ్యాలరీ మొత్తం లేచి రిఫరీ వంశవృక్షాన్ని వేళ్ళతో సహా పెకలిస్తుంటే, మావయ్య పక్కవాడి భుజం తట్టి, "ఆయనేం చేస్తాడయ్యా, ఈలలో తడి చేరింది. ఊదాలనుకున్నప్పుడు మోగలేదు" అన్నాడు. పక్కవాడు సగం తిట్టు నోట్లోనే పెట్టుకుని కూర్చుండిపోయాడు.

ఇంట్లోనూ అదే వరస. ఒక పొద్దున అత్త పేపరు చదువుతూ పాలు పొంగబెట్టేసింది. మావయ్య వచ్చి స్టవ్ తుడుస్తూ, "ఈ గిన్నె అంచు మరీ పొట్టి" అన్నాడు.

అత్త మేనకోడలి వైపు తిరిగింది. "చూశావా? పెళ్ళయినప్పటి నుంచీ ఈ ఇంట్లో నేను ఒక్క తప్పూ చెయ్యలేదు. అన్నీ గిన్నెలే చేశాయి."

ఇంకొక సంగతి కూడా మేనకోడలికి అంతుపట్టలేదు. మావయ్య తల మీద వెంట్రుక అన్నది లేదు. అయినా వారం వారం తప్పకుండా స్టేడియం పక్కనున్న సెలూన్‌కి వెళ్ళి క్షవరం చేయించుకుని వచ్చేవాడు.

"ఏం కత్తిరిస్తారు మావయ్యా అక్కడ?"

"పెరగబోయేది ముందే కత్తిరిస్తారు."

ఇవన్నీ సరదాగానే గడిచాయి. అసలు తంటా కుక్క దగ్గర వచ్చింది.

కుక్క కథ ఊళ్ళో అందరికీ వచ్చు. క్లబ్బు మొదటి డివిజన్‌లో ఆడుతున్న రోజులవి. సీజన్ చివరి మ్యాచ్. ఓడకుండా ఉంటే చాలు, డివిజన్ నిలుస్తుంది. ఆట అయిపోవస్తుండగా అవతలివాళ్ళు దూరం నుంచి ఒక బంతి కొట్టారు. సరిగ్గా అప్పుడు ఎక్కడి నుంచో ఒక కుక్క గోల్‌కీపరుకి అడ్డంగా పరిగెత్తింది. బంతి లోపలికి, క్లబ్బు రెండో డివిజన్‌కి. మళ్ళీ పైకి ఎక్కింది లేదు. కానీ కుక్క మాత్రం ఎక్కింది, జెండాల మీదికి. క్లబ్బు అసలు గుర్తు సింహం. అది ఇప్పుడు ఆఫీసు కవర్ల మీద తప్ప ఎక్కడా కనపడదు. అభిమానులు కుక్క బొమ్మ టోపీలు పెట్టుకుంటారు, పక్క ఊరివాళ్ళు వీళ్ళని చూసి మొరుగుతారు, వీళ్ళు తిరిగి ఇంకా గట్టిగా మొరుగుతారు. ట్రోఫీల గదిలో ఆ ఒక్క కప్పు పక్కనే, గాజు పెట్టెలో, ఆ కుక్క మెడ పట్టీ ఉంది.

"వీధి కుక్కకి మెడ పట్టీ ఎక్కడిది మావయ్యా?"

"అందుకే గాజు పెట్టెలో పెట్టింది. అరుదైన వస్తువు."

మేనకోడలు సాక్షుల్ని వెతికింది. టికెట్లు చింపినాయన తెల్ల కుక్క అన్నాడు. టీ క్యాంటీన్ ఆయన నల్ల కుక్క అన్నాడు, పైగా అంతకుముందు తన బిస్కెట్లు తిన్నది కూడా అదేనన్నాడు. ప్రెసిడెంటుగారు మచ్చల కుక్క అని, ఆ సంవత్సరం తాను ఊళ్ళోనే లేనని తర్వాత గుర్తొచ్చి, "అయినా మచ్చలదే" అన్నారు. ఆవిడకు అనుమానమొచ్చింది. ఆ గోల్ కొట్టిన అవతలి టీమ్ ఆటగాడు ఎక్కడున్నాడో కనుక్కుని ఫోన్ చేసింది.

"కుక్కా? ఏ కుక్కమ్మా?" అన్నాడాయన. "బంతి మెల్లగా మీ వాడి చేతుల్లోకే పోయింది. పోయి, కాళ్ళ మధ్య నుంచి జారిపోయింది. గోల్ కొట్టినందుకు నాకే సిగ్గేసింది."

ఆవిడ సరాసరి ట్రోఫీల గదికి వెళ్ళింది. మావయ్య కప్పు తుడుస్తున్నాడు.

"మావయ్యా, కుక్క లేదు."

"ఎవరన్నారు?"

"గోల్ కొట్టినాయన."

"వాళ్ళకి ఎండ ఎదురుగా ఉంది. కనపడి ఉండదు."

"నేను రాయాలి మావయ్యా. గోల్‌కీపరు వదిలేశాడు, క్లబ్బు దిగిపోయింది. జరిగింది అదే."

మావయ్య ఎప్పుడూ కారణం వెతుక్కోడు, అది ఆయన నాలిక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం తుడిచిన కప్పునే మళ్ళీ తుడిచాడు. "పుస్తకం అందరూ చదువుతారు కదూ?" అన్నాడు చివరికి.

"చదవాలనే కదా రాసేది."

"అవును," అన్నాడు, గుడ్డ మడతపెట్టి.

ఒకరి తప్పు అచ్చువేసే ముందు ఆ ఒకరిని అడగడం మర్యాద. ఆవిడ సెలూన్‌కి వెళ్ళింది. గోల్‌కీపరు ఆడుతున్నప్పుడే పెట్టిన షాపది. ఆయన్ని ఊరంతా 'గోడ' అంటుంది. మనిషి తలుపంత ఎత్తు, అరచేతులు పళ్ళేలంత. ఆ చేతుల్లో కత్తెర చెవికి పెట్టుకునే దుద్దులా కనపడుతుంది.

"బాబాయ్, ఆ కుక్క ఏ రంగు?"

"నల్లది," అన్నాడు గోడ. కాస్త ఆగి, "మీ మావయ్య ఏమన్నాడు?"

"గోధుమ రంగు."

"అయితే గోధుమే. దుమ్ముకి నల్లగా కనపడింది."

"గోల్ కొట్టినాయనతో మాట్లాడాను బాబాయ్."

గోడ కత్తెర పక్కన పెట్టాడు. ఖాళీ కుర్చీ ఆవిడ వైపు తిప్పి, తాను బెంచీ మీద కూర్చున్నాడు.

"చేతుల్లోకి వచ్చిన బంతమ్మా," అన్నాడు. "వదిలేశాను. ఎందుకో ఇప్పటికీ తెలీదు. మైదానం మొత్తం నోరు మూసుకుంది. ఒక్కసారి నోరు తెరిచారంటే నా పని అయిపోతుందని తెలుస్తూనే ఉంది. అప్పుడు మైకు గరగరమంది. మీ మావయ్య గొంతు. 'ప్రేక్షకులకు మనవి. మైదానంలోకి వచ్చిన కుక్కను దయచేసి ఎవరూ కొట్టవద్దు.'"

మేనకోడలు నవ్వాపుకోలేకపోయింది. గోడా నవ్వాడు.

"జనమంతా కుక్క కోసం వెతకడం మొదలుపెట్టారు. నన్ను చూసేవాడు లేడు. నిజం చెబుతున్నా, నేను కూడా వెతికాను."

"తర్వాత?"

"మర్నాడు షట్టర్ దించుకుని లోపల కూర్చున్నా. ఊరు వదిలి పోదామని సామాను సర్దుతున్నా. బయట ఎవరో తలుపు కొడుతున్నారు. తన్నడానికే వచ్చారనుకున్నా. 'అది నల్లదా తెల్లదా, పందెం కాసుకున్నాం, నువ్వు దగ్గర్నించి చూశావుగా' అంటారు. జవాబు చెప్పాలంటే షట్టర్ తియ్యాలి కదా. తీశాను. కమిటీవాళ్ళు నన్ను తీసేస్తామంటే, కుక్క చేసిన పనికి మనిషిని తీసేస్తారా అని జనమే ఎదురు తిరిగారు. ఇంకా చాలా ఏళ్ళు ఆడాను."

"మరి మావయ్య క్షవరం?"

"ఆ వారం మొదలైందే. కుర్చీ ఖాళీగా ఉంటే చూసేవాళ్ళకి బాగుండదని వచ్చి కూర్చున్నాడు. అప్పటికే తల నున్నగా ఉంది. నేను కత్తెర గాల్లో ఆడిస్తా, ఆయన అద్దంలో చూసి 'ఈ పక్క ఇంకొంచెం' అంటాడు. ఇన్నేళ్ళలో ఆ గోల్ గురించి ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదమ్మా. కుక్క గురించే మాట్లాడుకుంటాం."

లేచి, ఆవిడ ముందు నిలబడి, గొంతు తగ్గించాడు. "నా సంగతంటావా, రాసుకో. ఇప్పుడు నాకు పోయేదేముంది. కానీ కుక్క లేదని రాస్తే ఆయన ఊరందరి ముందూ అబద్ధాలకోరు అయిపోతాడు. ఆ మెడ పట్టీ నేనే కొనిచ్చా. అదొకటి బయటపడకుండా చూసుకో."

మేనకోడలు ఇంటికి వచ్చేసరికి మళ్ళీ పాలు పొంగి ఉన్నాయి. మావయ్య గిన్నె అంచు పరీక్షిస్తున్నాడు. గాలి, ఎండ, ఈల, గిన్నె. ఆయన చెప్పిన కారణాలన్నీ ఆవిడ మనసులో వరసగా నిలబడ్డాయి. వాటిలో ఒక్కటి కూడా నింద పడితే ఇంటికెళ్ళి అన్నం మానేసి పడుకునే రకం కాదు.

ఆ అధ్యాయం రాయడానికి ఆవిడకు మిగతా పుస్తకమంతా పట్టినంత సమయం పట్టింది. అబద్ధం రాయలేదు, అది ఆవిడ వల్ల కాదు. చివరికి ఆ గోల్ గురించి ఒక్క వాక్యం రాసింది: 'కుక్క రంగు విషయంలో సాక్షుల మధ్య ఇప్పటికీ ఏకాభిప్రాయం లేదు.' ఇందులో ఒక్క అక్షరాన్ని కూడా ఏ చరిత్రకారుడూ తప్పు పట్టలేడు.

మావయ్య ప్రూఫు చదివి కళ్ళజోడు తీశాడు. "బాగుంది. గోధుమ రంగని వేస్తే ఇంకా బాగుండేది."

పుస్తకావిష్కరణ స్టేడియంలోనే జరిగింది. మైకు దగ్గర మావయ్య. ప్రెసిడెంటుగారు రంగు కాగితం విప్పి పుస్తకాన్ని పైకెత్తి పట్టుకున్నారు. అట్ట మీద క్లబ్బు తొలినాటి టీమ్ ఫోటో, మేనకోడలు స్వయంగా ఎంపిక చేసింది. చప్పట్లు మొదలై, మధ్యలో తడబడ్డాయి. ముందు వరసలో టికెట్ల ఆయన కళ్ళు చికిలించి చూశాడు.

"ఇది మన టీమ్ కాదే. పక్క ఊరి టీమ్ ఇది."

రెండు క్లబ్బులవీ చారల బనీన్లే. నలుపు తెలుపు ఫోటోలో ఏ చార ఏ ఊరిదో ఎవరికి తెలుస్తుంది. ఆవిడకూ తెలియలేదు. లోపల ప్రతి గోల్‌నీ ఇద్దరు సాక్షులతో సరిచూసిన మనిషి, అట్ట మీద బద్ధశత్రువుల్ని కూర్చోబెట్టింది. గ్యాలరీ మొత్తం ఊపిరి బిగబట్టింది. తప్పు నాదేనని చెప్పడానికి ఆవిడ లేవబోయింది.

మైకు గరగరమంది.

"ప్రేక్షకులకు మనవి. ఫోటోలు పేర్చేటప్పుడు ప్రెస్సులో ఫ్యాను వేసి ఉంది. గాలికి ఒక ఫోటో ఎగిరి ఇంకొక దాని చోట పడింది."

వెనక నుంచి తలుపంత ఎత్తు మనిషి లేచి నిలబడ్డాడు. "అవును. నేనక్కడే ఉన్నా. పెద్ద గాలి."

"కాదు, అది నేను..." అంటూ మేనకోడలు లేవబోతే అత్త చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఊరుకోవే. ఇంకో నిమిషం ఆగు, నిన్నెవరూ చూడరు."

ఆగనక్కర్లేకుండా పోయింది. అప్పటికే మూడో వరసలో ఇద్దరు, అది సీలింగ్ ఫ్యానా టేబుల్ ఫ్యానా అని గట్టిగా వాదించుకుంటున్నారు.