లోపలి గడియ

పాత కోళ్ళగూడు పేరుకే గూడు. నాలుగు చెక్కలు, ఒక రేకు, తలుపుకి గడియ బదులు కట్టిన తాడు. తెల్లవారేసరికి అది కబేళా అయింది. పెరట్లో ఎక్కడ అడుగు పెట్టినా ఈకలు, నెత్తురు, వీధికుక్కలు సగం తిని వదిలేసిన మెడలు. ఒక పెట్ట పొట్ట చీలి, గోడవారన ఇంకా కాళ్ళు కొట్టుకుంటోంది. టైలరమ్మ ఒళ్ళోకి తీసుకునేలోపే దాని ప్రాణం పోయింది. మిగిలింది నల్లపెట్ట ఒక్కటే. ఎలా ఎగిరిందో ఏమో, చెట్టుకొమ్మెక్కి బతికిపోయింది.

రాత్రి ఆ తాడు కట్టాల్సింది ఆమె మొగుడు. కోళ్ళకి మేత వెయ్యడం, లెక్క చూసి గూట్లో పెట్టడం అతని పని, ఇంకొకర్ని నమ్మడు. ముందురోజు తాగొచ్చి కట్టడం మరిచిపోయాడు. ఆ సంగతి అతనికి తెలుసు, ఆమెకి తెలుసు, ముందుగదిలో మంచమ్మీద కూర్చున్న అతని తల్లికీ తెలుసు. దెబ్బలు మాత్రం ఆమె తింది. అదీ పెరట్లో కాదు. చెట్టుమీద నల్లపెట్ట ఉంది కదా, బెదురుతుందట! జుట్టు పట్టుకుని వంటింట్లోకి ఈడ్చుకెళ్ళాక మొదలుపెట్టాడు. ఆఖరికి ఆమె ఎడమచెయ్యి తలుపుసందులో పెట్టి, తలుపు లాగి వేశాడు. మణికట్టు విరిగిన చప్పుడు ముందుగదిలోకి వినపడే ఉంటుంది. ముసలావిడ టీవీ సౌండు పెంచింది.

"ఈసారి కుడిచెయ్యి," అన్నాడతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ. "అప్పుడు కత్తెర ఎలా పడతావో చూస్తా."

అన్నమాట తప్పే మనిషి కాదు. ఈ ఒక్క విషయంలో.

లారీల షెడ్డులో బ్రేకుల మేస్త్రి అతను. పనిలో వంక పెట్టడానికి లేదు. ఎంత లోడు బండైనా సరే, అతని చెయ్యి పడితే చెప్పినచోట ఆగాల్సిందే. అన్ని బళ్ళకీ బ్రేకులు వేస్తాడు గానీ తన చేతికి వేసుకోలేడని వీధిలో వాళ్ళు చాటుగా నవ్వుకునేవాళ్ళు. ఆ నవ్విన మగమహారాజుల్లో ఒక్కడైనా ఏనాడూ ఆ గేటు తీసుకుని లోపలికి రాలేదు.

కానీ ఆ మనిషే కోళ్ళ దగ్గరికెళ్తే వేరే మనిషి. బెదిరిన పెట్ట గుడ్డు పెట్టదని ఎవరో చెప్పారు. అది బుర్రకెక్కింది. పెరట్లో గొంతు పెంచడు. దగ్గొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. బూట్లు విప్పి, అడుగులో అడుగు వేసుకుంటూ వెళ్ళి, "దా తల్లీ, దా" అని గింజలు చల్లుతాడు. పెళ్ళైన కొత్తలో అది చూసి టైలరమ్మ ముచ్చటపడింది. ఇంత మెత్తటివాడు తనని మాత్రం కొట్టాడంటే తప్పు తనలోనే ఉందేమో అనుకుంది పిచ్చిది. కడుపు మీద తన్నితే రెండోసారి కూడా బిడ్డ పోయాక గానీ ఆ భ్రమ వదల్లేదు. ఆ తర్వాత అతను "దా తల్లీ" అన్నప్పుడల్లా ఆమెకి ఒళ్ళు మండేది.

కొత్త గూడు కోసం వెల్డరు వచ్చాడు. సుద్దముక్క పట్టుకుని పెరట్లో గచ్చు మీద గొంతుక్కూర్చున్నాడు. టైలరమ్మ చేతికున్న సిమెంటు కట్టు చూశాడు.

"ఏమైందమ్మా?"

"జారిపడ్డా బాబాయ్."

"పోయినేడు కూడా జారావు కదమ్మా," అన్నాడు. మొగుడు ఇటు తిరిగేసరికి తలదించుకుని గీత గీశాడు.

మొగుడికి ఆ రోజు పండగలా ఉంది. "ఇనప జాలీ మందంగా ఉండాలి. ఎలుగ్గొడ్డు వచ్చి పీకినా చిరగకూడదు. కింద సిమెంటు, లేకపోతే పందికొక్కులు తవ్వుకొస్తాయి. గుడ్లపెట్టెలు ఈ గోడకి పెట్టు. వాటికి బయటివైపు చిన్న కిటికీ ఉండాలి. గుడ్డు కావాలంటే బయటినుంచే చెయ్యి పెట్టి తీసుకోవాలి. మనిషి లోపలికెళ్తే పొదిగే పెట్ట గుండె ఆగిపోతుంది."

"ఎరువు సంగతి?"

"సందువైపు ఇంకో చిన్న తలుపు పెట్టు. ఆ కంపు ఇంట్లోంచి మొయ్యక్కర్లేదు."

టైలరమ్మ గొంతు సవరించుకుంది. "ఏవండీ, మనిషి నిలబడే ఎత్తు ఉంటే బాగుంటుందేమో. ఒంటిచేత్తో, నడుం వంచి ఊడ్చలేను."

అతను కాసేపు ఆలోచించాడు. ఆమె నడుం గురించి కాదు. "ఎత్తుంటే గాలి ఆడుతుంది," అని ఒప్పుకున్నాడు.

అప్పుడు గుమ్మంలోంచి ముసలావిడ మాట్లాడింది. ఇలాంటివాటిలో ఆవిడ ఎప్పుడూ నోరు పెట్టదు. "తలుపుకి లోపలివైపు కూడా ఓ గడియ పెట్టు నాయనా."

వెల్డరు చేతిలో సుద్ద ఆగింది. "కోళ్ళు గడియ వేసుకుంటాయా పెద్దమ్మా?"

"ఊడ్చేటప్పుడు తలుపు తోసుకుని బయటికి ఉరుకుతాయి. మళ్ళీ కుక్కల పాలు చేద్దామా?"

కుక్కల మాట వినగానే కొడుకు మొహం మాడిపోయింది. "పెట్టు, పెట్టు. గట్టిది పెట్టు. ఎరువుతలుపుకి కూడా లోపలా బయటా పెట్టు," అన్నాడు.

వెల్డరు ముసలావిడ వైపు చూశాడు. తర్వాత టైలరమ్మ చేతికట్టు చూశాడు. గడియ గీత రెండుసార్లు దిద్దాడు.

ఒంటిచేత్తో జడ వేసుకోలేక టైలరమ్మ అవస్థపడుతుంటే ఆ సాయంత్రం అత్తగారు దువ్వెన లాక్కుంది. వెనక కూర్చుని చిక్కు తీస్తూ, ఎవరితోనో చెప్తున్నట్టు చెప్పింది.

"మీ మామగారు కొట్టేటప్పుడు గొడ్లపాకలోకి పరిగెత్తేదాన్ని. దానికి లోపల గడియ లేదు."

ఇన్నేళ్ళూ టైలరమ్మ మొగుణ్ణి ఎంత అసహ్యించుకుందో, ఆ టీవీ సౌండుని అంతకు రెట్టింపు అసహ్యించుకుంది. "మరి మీ కొడుకుని ఒక్కసారైనా ఆపొచ్చుగా అత్తయ్యా?"

ముసలావిడ ఆమె గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. పైపెదవి వేలితో ఎత్తి, పళ్ళు లేని చిగుళ్ళు చూపించింది. "నువ్వు కాపరానికి రాకముందు, వాడు తాగొచ్చి చెయ్యెత్తితే ఓసారి ఆపాను," అంది. మళ్ళీ దువ్వడం మొదలుపెట్టింది.

గూడు వచ్చింది, కొత్త పెట్టలు వచ్చాయి, ఆమె చేతికట్టు ఊడింది. చెయ్యి కాస్త వంకరగా అతుక్కుంది కానీ మిషను మీద గుడ్డ జరపడానికి పనికొస్తోంది. కుడిచెయ్యి ఉంది కదా అనుకుంది. ఊడ్చినప్పుడల్లా రెండు తలుపుల లోపలి గడియలూ వేసి తీసి చూసేది. అవి చప్పుడు చెయ్యకుండా జరగాలని మిషను నూనె వేసింది.

ఎండలు ముదిరిన రోజుల్లో, ఓ మిట్టమధ్యాహ్నం, షెడ్డులో ఓనరుతో తగువు పెట్టుకుని అతను ఇంటికొచ్చాడు. తిన్నగా పెరట్లోకి వెళ్ళాడు. కోళ్ళ నీళ్ళమూకుడు ఎండిపోయి ఉంది. పగలు నీళ్ళు పొయ్యడం ఆమె వంతు. ఎవరిదో జాకెట్టు సాయంత్రానికి ఇవ్వాలన్న తొందరలో ఆమె చూసుకోలేదు.

లోపలికొచ్చి ఆమె తల పట్టుకుని మిషనుకేసి కొట్టాడు. కనుబొమ్మ చిట్లి కుడుతున్న జాకెట్టు మీద నెత్తురు పడింది. రెండోసారి కొట్టాడు. తర్వాత ఆమె కుడిచేతిని మెలిపెట్టి సూది కింద పెట్టాడు.

"చెప్పానా లేదా?"

ముందుగదిలో టీవీ ఆగిపోయింది.

ఆ ఇంట్లో దెబ్బలు పడుతుండగా టీవీ ఆగడం అదే మొదటిసారి. అతను తల తిప్పి అటు చూశాడు. ఆ ఒక్క క్షణంలో టైలరమ్మ అతని వేలు ఎముకకి తగిలేదాకా కొరికింది. చెయ్యి లాక్కుని పెరట్లోకి ఒకటే పరుగు. గూట్లో దూరి గడియ వేసింది.

జాకీ రాడ్డు పట్టుకుని అతను వచ్చాడు. వేలునించి నెత్తురు కారుతోంది, కళ్ళు నిప్పులు కక్కుతున్నాయి. కానీ పెరటి గడప దాటగానే అడుగు నెమ్మదించింది, గొంతు తగ్గింది.

"బయటికి రావే," అన్నాడు గుసగుసగా. "కోళ్ళు బెదురుతున్నాయి. మర్యాదగా రా. బయటికొచ్చాక చంపుతా నిన్ను."

ఆమె గడియ మీద చెయ్యి అలాగే పెట్టి నిలబడింది. జాలీకి అటూ ఇటూ మొగుడూ పెళ్ళాల మొహాలు జానెడు దూరంలో ఉన్నాయి. ఆమె కళ్ళు దించలేదు. అతనికి అది అలవాటు లేదు. రాడ్డు ఎత్తి తలుపు మీద బలంకొద్దీ కొట్టాడు.

ఇనుము మోగింది. జాలీ చెక్కు చెదరలేదు. లోపల మాత్రం కోళ్ళన్నీ ఒక్కసారిగా లేచాయి. రెక్కలు, అరుపులు, దుమ్ము. ఒకదాని మీద ఒకటి పడి మూలకి కుక్కుకున్నాయి. టైలరమ్మ రెండు చేతులా వాటిని లాగి విసిరింది. గోళ్ళు ఆమె మొహమంతా గీరాయి. అన్నిటికన్నా అడుగున నల్లపెట్ట దొరికింది. ఎత్తేసరికి మెడ పక్కకి వాలిపోయింది.

"దానికేమైంది?" అన్నాడతను. "ఏమైందే? ఇటియ్యి. ఒక్కసారి ఇటియ్యవే!"

ఏడుస్తున్నాడు. పసిపిల్లాడిలా ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నాడు. ఇద్దరు బిడ్డలు నెత్తురై పోయిన రోజున ఈ కళ్ళలో చెమ్మయినా లేదు. ఆమెకి భయం పోయింది. అసహ్యం కూడా పోయింది. ఈ మనిషి దగ్గర తనకి పని లేదు, అంతే.

గుడ్లకిటికీ తెరిచి నల్లపెట్టని బయటికి తోసింది. దాన్ని అందుకోవడానికి అతనికి రెండు చేతులూ కావాల్సొచ్చింది. రాడ్డు గచ్చు మీద పడింది. అతను కూలబడి, దాని ముక్కుకి నోరు ఆనించి ఊదుతున్నాడు. "లే తల్లీ, లే తల్లీ" అంటున్నాడు.

ఎరువుతలుపు లోపలి గడియ చప్పుడు లేకుండా జరిగింది. బయటిది వేసి లేదు. ఆమె వంగి సందులోకి వచ్చింది. సందు మొదట్లో, నీడలో, కుక్కలు నాలుకలు చాపుకుని పడుకునున్నాయి. వాటిని చూసి వెనక్కి తిరిగి, ఎరువుతలుపుకి బయటి గడియ పెట్టి, ఒకసారి లాగి చూసుకుంది.

తిరిగేసరికి ఎదురుగా, వీధివైపునుంచి చుట్టి వచ్చిన అత్తగారు. కాళ్ళకి చెప్పుల్లేవు. ఒక చేతిలో కోడలి చెప్పులు, ఇంకో చేతిలో కోడలి కత్తెర.

"అత్తయ్యా, మీరు..."

"గడియ వేశావా?"

"వేశాను."

"అయితే నడు," అంది ముసలావిడ.