అష్టాచెమ్మా సంఘం

మా మండలంలో మహిళా మండళ్లు ఎలా నడిచాయో చెప్పడానికి ఇప్పటికి చాలామంది మైకు పట్టుకున్నారు. ఖమ్మం నుంచి వచ్చినవాళ్లు చెప్పారు, జీపుల్లో వచ్చినవాళ్లు చెప్పారు, మా ఊరి సర్పంచ్ గారు మెడలో దండ వేయించుకుని మరీ చెప్పారు. మా ఊరి మండలిని నడిపినదాన్ని నేను. నన్ను మాత్రం ఒక్కరూ అడగలేదు. ఎప్పుడైనా వేదిక మీదికి పిలిచినా "సర్పంచ్ గారి మరదలు" అని పరిచయం చేసి, దండలు అందించే పని అప్పగించారు. ఎవరైనా అడుగుతారేమోనని ఇన్నేళ్లు ఆగాను. ఇక ఆగను. నేను దేన్నీ మరిచిపోయే మనిషిని కాదని మా ఊళ్లో అందరికీ తెలుసు. తెలియనివాళ్లకు ఇప్పుడు తెలుస్తుంది.

జూలూరుపాడు నుంచి ఏన్కూరు వైపు పోయే దారిలో, అడవి మొదలయ్యే చోట మా ఊరు. ఊరికి ఆనుకుని ఒక తండా, కొంచెం లోపలికి పోతే కోయగూడెం. మండలాలు ఏర్పడిన కొత్తలో ప్రతి ఊళ్లో మహిళా మండలి ఉండాలన్నారు. సర్పంచ్ మా ఆయనకు పెదనాన్న కొడుకు, నాకు బావగారు. "మా మరదలైతే చెప్పినకాడ సంతకం పెడతది, నోరు తెరువది" అని పంచాయతీలో చెప్పి నన్ను అధ్యక్షురాలిని చేశారు. ఆ మాట నా చెవిన పడదనుకున్నారు. పడింది.

మండలి ఏడాది కార్యక్రమం మేం వేసుకునేది కాదు, పైనుంచి వచ్చేది. ఒక నెల పరిశుభ్రత, ఒక నెల పోషకాహారం, జనవరిలో ముగ్గుల పోటీ, ఎండాకాలంలో కుట్టు శిక్షణ. వినడానికి బాగానే ఉంటుంది. కానీ జనవరిలో మా ఆడవాళ్లు మిరప తోటల్లో ఉంటారు. కాయ కోసి కోసి మండే చేతులతో ముగ్గు ఎవరు వేస్తారు? ఎండాకాలంలో అయితే పొద్దున పూట ఊళ్లో ఆడమనిషే కనబడదు. తునికాకు కోయడానికి అడవికి పోతారు. బీడీలు చుట్టే ఆకు అది. చీకటి ఉండగానే బయలుదేరి, ఎండ ముదిరేలోపు కోసుకొచ్చి, మధ్యాహ్నమంతా కట్టలు కట్టి, పొద్దుగూకేలోపు ఆకు కొనే కల్లంలో అప్పగించాలి. ఏడాదిలో ఆ కొన్ని వారాలే ఆ పని. సరిగ్గా ఆ వారాల్లోనే మా ఊరి బాల్వాడీకి వేసవి సెలవులు.

పసిపిల్లలను చూసుకోవడానికి పెట్టిన బడి, తల్లులకు అన్నిటికంటే అవసరమైన కాలంలో తాళం వేసి ఉండేది. నా ఫిర్యాదంతా ఆ తాళం గురించే.

ఒక వేసవి పొద్దున కొత్తగూడెం పోయే బస్సు మా ఇంటి ముందు ఆగింది. మా దగ్గర చెయ్యెత్తినా బస్సు ఆగదు. అలాంటిది డ్రైవరే దిగాడు, చంకలో ఒక పిల్లవాడితో.

"అమ్మా, గీ పోరడు ఎవ్వలోడు? రోడ్డు నడుమ కూసొని మట్టి తింటుండు. హారన్ కొడితే నవ్వుతుండు!"

"తండా పిల్లగాడు. తల్లి ఆకుకు పోయింది."

"మరి ఊళ్లె బాల్వాడీ అని బోర్డు ఉన్నది కదమ్మా?"

"ఉన్నది. బోర్డుకు సెలవుల్లేవు, బడికే."

బస్సులో వాళ్లు నవ్వారు. డ్రైవర్ నవ్వలేదు. పిల్లవాణ్ని నా చేతుల్లో పెట్టి, "ఇయ్యాల నేను గాబట్టి ఆపిన, రేపు లారీ వస్తది" అని చెప్పి ఎక్కి వెళ్లిపోయాడు.

ఆ పిల్లవాడి తల్లి మా మండలికి కార్యదర్శి. ఎండెక్కాక నెత్తిమీద ఆకు మూటతో వచ్చింది. జరిగింది విని ఏడవలేదు. మూట దించి, చీర కొంగు పిల్లవాడి నడుముకు కట్టి, మా అరుగు మీదే ఆకు కట్టలు కట్టడం మొదలుపెట్టింది.

"పెద్దపిల్లకు అప్పజెప్పి పోయిన అక్కా. అది గూడ పిల్లనే గద."

"రేపేం చేస్తవ్ చెల్లె?"

"రేపు గూడ పోవాలె. అడవిలకు తీసుకపోతె ఎండ, పాము. ఇంటికాడ ఇడిస్తె బస్సు. ఏది మంచిదో నువ్వే చెప్పు."

నాకు జవాబు దొరకని ప్రశ్న అంటే అసలు పడదు.

ఆ ఏడు ఆకు పని అయిపోయి, అందరూ తొలకరి కోసం మొగులు చూస్తున్న రోజుల్లో మా వాకిట్లో మండలి సమావేశం పెట్టాను. పైనుంచి వచ్చిన కార్యక్రమం పక్కన పెట్టి, ముగ్గుపిండితో నేల మీద పన్నెండు గడులు గీశాను. ఏ నెలలో ఎవరి చేతిలో ఏముంటుందో ఆ గడిలో తెచ్చి పెట్టమన్నాను. మిరపకాయలు పడ్డాయి. పత్తి పడింది. వరి నాట్ల గడిలో ఒకామె గరికపోచలు గుచ్చింది. గూడెం నుంచి వచ్చిన పెద్దమ్మ ఎండిన ఇప్పపువ్వు పెట్టింది. తునికాకు పెట్టమని ఎవరికీ చెప్పనక్కర లేకపోయింది. పత్తి ఎక్కడ మొదలుపెట్టాలో మాత్రం గొడవైంది.

"నీ పత్తి నా పత్తి కంటె ముందుగాల పలుగుతదా?"

"మాది రేగడి. మీదేమో చెలక. భూమిని అడుగు, నన్నడుగుతవేంది?"

చివరికి మిగిలిన ఖాళీ గడులు చాలా తక్కువ. ఆకు అయ్యాక వానకు ముందు కొంచెం, నాట్లు అయ్యాక కలుపుకు ముందు కొంచెం. మా ఏడాది కార్యక్రమం అక్కడికక్కడే తేలిపోయింది. కుట్టు శిక్షణ నాట్లయ్యాక. ముగ్గులు, ఆటలు తొలకరికి ముందు. బాల్వాడీ సెలవులు కూడా తల్లులు ఇంటి దగ్గరుండే ఆ ఖాళీ గడుల్లోనే. ఆకు గడిలో బాల్వాడీ తెరిచి ఉండాలి.

సరిగ్గా అప్పుడే మహిళా కార్యక్రమాలు చూసే ఆఫీసరమ్మ మా బావగారితో కలిసి వాకిట్లోకి వచ్చింది. వయసులో చిన్నది, పట్నం మనిషి.

"ఏంటిది, మీటింగ్ అని చెప్పి అష్టాచెమ్మా ఆడుతున్నారా?" అంది.

బావగారు పడిపడి నవ్వారు. "ఏమ్మా, మరి గవ్వలేవి?"

"గవ్వలు మీకాడనే ఉన్నయి బావగారూ. మీరు ఎట్లేస్తె గట్ల నడుస్తున్నం గద, గిన్నేండ్లు" అన్నాను.

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆఫీసరమ్మ నవ్వలేదు. గడులన్నీ వివరించి చెప్పాను. ఆమె వినలేదని అనను, నిలబడే విన్నది. విని, "సెలవులు జిల్లా అంతటికీ ఒకటేనమ్మా. మీ ఊరికొక వేసవి, పక్క ఊరికొక వేసవి ఉండదు" అంది.

"ఎండ అందరికి ఒకటే మేడం. పని ఒకటి కాదు."

"అంత అవసరమైతే మీరే నడుపుకోండి, చూద్దాం."

అది ఎత్తిపొడుపని నాకు తెలుసు. నేను దాన్ని అనుమతిగా తీసుకున్నాను. ఆ రోజు నుంచి ఊళ్లో మగవాళ్లు మా మండలిని అష్టాచెమ్మా సంఘం అనడం మొదలుపెట్టారు. ఎవరెవరు అన్నారో నాకు గుర్తుంది.

తర్వాతి వేసవికి మా ఎడ్ల కొట్టం ఖాళీ చేయించాను.

"ఎడ్లను ఏడ కట్టెయ్యాలె?" అన్నాడు మా ఆయన.

"చింతచెట్టు కింద."

"మరి నేను ఏడ పండుకోవాలె మద్యానం?"

"నువ్వు గూడ ఆడనే."

మా అత్తమ్మది వేరే అభ్యంతరం. "తండా పిల్లలు, గూడెం పిల్లలు, మన పిల్లలు అందరు ఒక్కకాడనా? నేను చూడలేనమ్మా" అంది. చూడొద్దు, తలుపేసుకో అన్నాను. వేసుకుంది. కొన్నాళ్లకు ఆ తలుపు ఓరగా తెరుచుకుంది. ఒక రోజు "ఆ పిల్లకు ఒళ్లంత చెమటకాయలు లేచినయి, మీకు కండ్లు లేవా?" అని తిట్టుకుంటూ బయటికొచ్చి, ఇక లోపలికి పోలేదు. ఆ కొట్టాన్ని నాకంటే ఆమే ఎక్కువ నడిపింది. మారిపోయిందని మాత్రం చెప్పను. తన మంచినీళ్ల కుండ ఎవరినీ ముట్టనివ్వలేదు. దాని మీద నాకూ ఆమెకూ చివరిదాకా తగువే.

పిల్లలను చూడటానికి రోజూ ఒక తల్లి అడవికి పోకుండా ఆగేది. ఆగితే ఆమెకు ఆ రోజు ఆకు పోయినట్టే. అందుకని మధ్యాహ్నం తిరిగొచ్చినవాళ్లంతా తమ మూటల్లోంచి ఇంత ఆకు తీసి ఆమె ముందు పోసేవారు. ఎవరు ఎంత పోశారని ఎవరూ చూసేవారు కాదు. ఈ పద్ధతి పైనుంచి రాలేదు. మా కార్యదర్శి ఒక పొద్దున అడవికి పోతూ పోతూ అన్న మాట, అంతే. కొట్టంలో పిల్లలు నీళ్లు మూడు భాషల్లో అడిగేవారు. మా అత్తమ్మ మూడింటికీ తెలుగులోనే కసిరి, నీళ్లు పోసేది.

కొట్టం బాగా నడుస్తున్న ఆ రోజుల్లోనే ఆఫీసరమ్మ జీపు వచ్చింది. కుట్టు శిక్షణ ప్రారంభోత్సవానికి. ఎండాకాలంలో వద్దని ముందే చెప్పిన ఆ శిక్షణే. మిషన్లు దించిన మండలి గది ముందు ఒక్క ఆడమనిషి లేదు. నేను చంకలో పిల్లతో కొట్టంలోంచి పరుగెత్తుకెళ్లాను.

"మేడం, దిగుండ్రి. మేం గీ కొట్టంల ఉన్నం."

"ఆడవాళ్లేరి?"

"అడవిల ఉన్నరు. పిల్లలు గీడ ఉన్నరు. ఒక్కసారి చూసిపోండ్రి."

"నేను వచ్చింది కుట్టు శిక్షణకమ్మా."

"అవ్, అది నాట్లయినంక పెట్టమని పోయినేడే చెప్పినం గద."

ఆమె గడియారం చూసుకుంది. "ఇంకో ఊరికి పోవాలి. తర్వాత మాట్లాడదాం."

జీపు దగ్గర నుంచి కొట్టం పిలిస్తే పలికే దూరం. పిల్లల గోల వినబడుతూనే ఉంది. ఆమె దిగలేదు. జీపు వెనక్కి తిరిగినప్పుడు లేచిన దుమ్ము వచ్చి పిల్లల జొన్న గటకలో పడింది. గిన్నె మీద మూత వేయనందుకు మా అత్తమ్మ నన్ను తిట్టింది.

కొన్ని నెలలకు మండల ఆఫీసులో మహిళా మండళ్ల వార్షిక సభ. మంచి చీరలు కట్టుకుని వెళ్లాం. కొట్టం గురించి చెప్పమంటారని నేను మాటలు కూడా సిద్ధం చేసుకున్నాను. ఆఫీసరమ్మ మైకులో ఒక్కో ఊరి సంగతి చెబుతూ మా ఊరి దగ్గరికి వచ్చింది.

"ఆ ఊరి మహిళలకు ఆసక్తి లేదు. శిక్షణకు ఒక్కరూ రాలేదు. అందుకే అక్కడి కుట్టు మిషన్లనూ బాల్వాడీనీ ఆసక్తి ఉన్న ఊరికి మారుస్తున్నాం."

పక్కనున్న మా కార్యదర్శి గట్టిగానే అడిగింది. "అక్కా, ఆసక్తి అంటె ఏంది?"

"ఇష్టం."

"మనకు ఇష్టం లేదా? కొట్టంకాడికి రమ్మను, చూపిస్త."

నేను లేచి నిలబడ్డాను. "మేడం, ఒక్క మాట."

ముందు వరుసలోంచి బావగారు వెనక్కి తిరిగారు. "కూసో అమ్మా, పరువు తియ్యకు."

"పరువు ఇప్పుడే మైకుల పోయింది బావగారూ. దాన్నే ఎతుకుతున్న."

సభలో నవ్వులు. ఆఫీసరమ్మ మాత్రం నావైపు చూడకుండా, "మీ విషయం తర్వాత మాట్లాడదాం" అని వందన సమర్పణకు పిలిచింది. ఎవరో వచ్చి దండ నా చేతిలో పెట్టారు, ఆమె మెడలో వేయమని. దాన్ని కుర్చీ మీద పెట్టి వచ్చేశాను.

బాల్వాడీ బోర్డు ఊడదీసుకుపోయారు. కానీ మా కొట్టం ఏ వేసవిలోనూ మూతపడలేదు. కుట్టు కూడా మేమే నేర్చుకున్నాం. ఏన్కూరు నుంచి ఒక దర్జీని పిలిపించి, నాట్లయిన వెంటనే మొదలుపెడితే మా అరుగు చాలక వాకిట్లో కూర్చున్నారు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వచ్చి మా గడులు చూసి, వాళ్ల వాకిళ్లలో వాళ్ల గడులు గీసుకున్నారు. అష్టాచెమ్మా అన్నవాళ్ల భార్యలే మా దగ్గర పిల్లలను దించి అడవికి పోయారు. ఇందులో దేనికీ నేను ఎవరికీ సంజాయిషీ చెప్పుకోనక్కర లేదు.

కొన్నేళ్లకు బాల్వాడీ మళ్లీ వచ్చింది, కొత్త పేరుతో, కొత్త బోర్డుతో. వేసవి తాళం మాత్రం పాతదే. వచ్చిన ప్రతి ఆఫీసరునూ అడిగాను. సెలవులు పైనుంచి వస్తాయని ప్రతివాళ్లూ పైకి చూపించారు. ఇప్పుడు ఆ పైన ఉన్నది ఆనాటి ఆఫీసరమ్మే. పెద్ద పదవికి వెళ్లింది. మొన్న ఖమ్మంలో ఒక సభలో ఎదురుపడితే నన్ను తేరిపార చూసి, "మిమ్మల్ని ఎక్కడో చూశాను" అంది.

"చూడలేదు మేడం. దిగితే చూసేటోళ్లు" అన్నాను.

ఆమె నవ్వి ముందుకు వెళ్లిపోయింది. ఏమీ గుర్తులేదన్న నవ్వు అది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. మొన్నటి గాలివానకు మా కొట్టం దూలం విరిగింది. గోడ కూడా ఒరిగింది. ఈసారి ఆకు మొదలయ్యేనాటికి దాని కింద పిల్లలను కూర్చోబెట్టలేను. బాల్వాడీకి కట్టిన సర్కారు గది ఎదురుగానే ఉంది, పక్కా స్లాబు, లోపల కుళాయి. మేడం, ఆ తాళం తీయించగల మనిషివి నువ్వే. జీపు దిగకుండా, కొట్టం చూడకుండా, మాకు ఆసక్తి లేదని ఎలా చెప్పావమ్మా? ఈ వేసవి ఆ గది తెరుస్తావా, తెరవవా? తర్వాత మాట్లాడదామని రెండుసార్లు అన్నావు. ఆ తర్వాత ఎప్పుడో చెప్పు. నేను ఊళ్లోనే ఉన్నాను.