బతికుండగానే కొట్టేసిన పేరు

వాన పడని ఏడాది ఎరుకల రామసుబ్బమ్మ శింగనమల పక్కనున్న తన పల్లె వదిలి బెంగుళూరుకు ఇటుకలు మోయడానికి పోయేది. ఓట్ల రోజుకు మాత్రం ఎట్లయినా బస్సెక్కి వచ్చేది. పోయిన ఎన్నికలకూ అట్లే వచ్చి, ముసలి తల్లి భద్రమ్మను నడిపించుకుంటూ బూత్‌కు తీసుకుపోయింది.

జాబితాలో రామసుబ్బమ్మ పేరు లేదు. తల్లి పేరు ‘మృతి’ అని కొట్టేసినారు. వాళ్ల వీధివి మొత్తం ముప్పై ఒక్క పేర్లు పోయినాయి.

"నేను సచ్చినానా పాపా?" అని భద్రమ్మ కూతుర్నే అడిగింది.

బయట కుర్చీలో కూర్చున్న మాజీ సర్పంచ్ శివప్ప నవ్వాడు. "ఆర్నెల్లు ఈడ, ఆర్నెల్లు ఆడ తిరిగే ఎరుకలోళ్లకు ఓటెందుకమ్మా? ఊర్లో కాపురముండేవాళ్లకు ఉంటే చాలు."

ఆ చలికాలంలోనే భద్రమ్మ పోయింది. చూడటానికి వచ్చిన శివప్పను రామసుబ్బమ్మ గడప బయటే ఆపింది. "నువ్వు ముందే సంపినావు కదప్పా. మళ్లా ఏం చూసేకి వచ్చినావు?"

ఆ ఏడు ఆమె బెంగుళూరు పోలేదు. అంగన్‌వాడీ టీచరు త్రివేణి చేత అర్జీలు రాయించి, పేర్లు తీసేయమని ఇచ్చిన ఫారాల నకళ్లు తెప్పించింది. ఆమె అనుకున్నట్లే అన్నింటి మీదా శివప్ప సంతకమే. వీధి మొత్తానికీ ఓట్లు మళ్లీ రాయించింది. అయినా ఆమె కడుపుమంట చల్లారలేదు.

అంతలో సర్పంచ్ పదవి ఆడవాళ్లకు వచ్చింది. శివప్ప కోడలు పద్మజను నిలబెడతాడని ఊరంతా చెప్పుకున్నారు. పద్మజ కాపురం బెంగుళూరులో. ఓటు ఆడా ఉంది, ఈడా ఉంది. రామసుబ్బమ్మ బెంగుళూరు జాబితా కాగితం జోడించి, ఈడి పేరు తీసేయమని ఫారం ఇచ్చింది.

విచారణకు ముందురోజు శివప్ప ఆమె ఇంటికి వచ్చాడు.

"కోడలేం చేసిందమ్మా? నామీద పగుంటే నాతో తీర్చుకో."

"నీతోనే తీర్చుకుంటాండా," అన్నది రామసుబ్బమ్మ. కూర్చోమని అనలేదు.

మరుసటి రోజు విచారణలో ఎక్కడుంటారని అధికారి అడిగితే పద్మజ తల వంచుకుని బెంగుళూరని చెప్పింది. పేరు కొట్టేసినారు. ఊర్లో ఓటు లేనిదే నిలబడేకి లేదు కాబట్టి శివప్ప తన తమ్ముని భార్య పుష్పావతిని నిలబెట్టాడు. ఆమె పంతొమ్మిది ఓట్లతో ఓడిపోయింది. ఎరుకల వీధి నుంచి ఆమెకు ఒక్క ఓటూ పడలేదు.

"ఇంక చాలు కదక్కా?" అన్నది త్రివేణి.

రామసుబ్బమ్మ ఇంకో ఫారం ఆమె ముందర పెట్టింది. "ఆయప్ప కొడుకు, పద్మజ మొగుడు వంశీ పేరు ఇంకా ఈడనే ఉండాది. రాయి."