గిన్నెలకు చీటీలు

సాంచల మీద బట్ట నేసే పని అయిపోగానే నేను సైకిల్‌ను గ్రంథాలయం వైపు తిప్పేవాణ్ని. బడి చదువు తొందరగానే ఆగిపోయింది. నాకు తెలిసిందంతా ఆ బీరువాల్లోంచి వచ్చిందే. అక్కడ నాకు అన్నిటికంటే నచ్చింది ప్రతి బీరువా మీదా అతికించిన చీటీ. చరిత్ర కోసం పోయి వైద్యంలో చెయ్యి పెట్టే ప్రమాదం ఉండదు. ఈ పద్ధతి మన ఇళ్లల్లో ఎందుకు లేదా అనుకునేవాణ్ని. పోయిన చలికాలం అవకాశం దొరికింది.

బోథ్ నుంచి నా భార్య అక్కా బావా, ఆ బావ తల్లీ భోజనానికి వస్తున్నారు. బావ ఏదో తీర్థానికి వెళ్లొచ్చి మాంసం మానేశాడు. కిందటిసారి మా ఇంట్లో మటన్ తిప్పిన గరిటే పప్పులోనూ తిరిగింది. ఆయన అది చూసి, ఒక్క ముద్ద తినకుండా చెయ్యి కడుక్కుని లేచాడు. ఆ తర్వాత ఏ పెళ్లిలో కలిసినా అక్కది ఒకటే మాట: "మా చెల్లె ఇంటికి దావత్‌కు పోతే తిని పోవాలె."

"గీసారి బావ కడుపునిండ తినకపోతె నేను మళ్ల బోథ్ గడప తొక్క, చెప్తున్న" అంది నా భార్య.

"మటన్ వండకుంటె అయిపాయె గద."

"మరి ముసలవ్వకు?"

ముసలవ్వ అప్పటికే ఫోన్ చేసింది. "కూర లేని దావత్ ఏం దావత్ బిడ్డా? మెత్తగ ఉడకవెట్టు, నాకు పండ్లు లెవ్వు." అక్కకు షుగర్, జొన్నరొట్టె కావాలి. బావకు మసాలా దట్టంగా ఉండాలి, నీసు మాత్రం తగలకూడదు. అందుకని మటన్ మసాలాతోనే ఆయనకు ఆలుగడ్డ టమాట విడిగా వండాం. గరిటెలు కూడా వేరు. ఇక మిగిలింది నా వంతు, చీటీలు.

ఆలుగడ్డ గిన్నెకు 'శాకం' అని రాద్దామనుకున్నాను. మరీ గంభీరంగా తోచింది. నిఘంటువులో చూస్తే, వండిన కాయా ఆకూ 'కూర' అని ఉంది. అచ్చ తెలుగు మాట, ముచ్చటగా ఉంది. ఆ గిన్నె మూతకు 'కూర' అనీ, మటన్ మూతకు 'మాంసం' అనీ అతికించాను. రొట్టెల హడావిడిలో నా భార్య చూడలేదు.

"నువ్వు రొట్టెలు కాల్చు, నేను వడ్డిస్త" అని అక్క లేచింది. అప్పటికే ఆవిరికి 'మాంసం' చీటీ ఊడి ఎక్కడో పడిపోయింది. ఆమెకు కనిపించింది ఒక్క 'కూర'.

"మంచిగ రాసిండు మా మరిది. లేకుంటె మళ్ల ఆగమయ్యేది" అంటూ ఆ గిన్నెలోది అత్తకు వడ్డించింది. చీటీ లేని గిన్నెలోంచి పైపైన షోర్వా ముంచి మొగుడి అన్నం మీద పోసింది.

నేను నీళ్ల చెంబుతో వచ్చేసరికి బావ కలుపుకుని తింటున్నాడు. ముసలవ్వ చాలాసేపు నమిలి, "బిడ్డా, మెత్తగైతె ఉడికింది గాని, గీ కూరల తునకలన్ని ఆలుగడ్డ లెక్కున్నయేందే?" అంది.

అక్క అనుమానంగా రెండో గిన్నెలో గరిటె తిప్పింది. మటన్ బొక్క పైకి తేలింది.

నా భార్య చేతిలో రొట్టెతోనే ఉరికొచ్చి చీటీ చూసింది. "ఆలుగడ్డకు కూర అని రాసినవా? మనింట్ల కూర అంటె యాటకూర, మటనే గాదా?"

"నిఘంటువుల గట్లనే ఉన్నది."

"నీ నిఘంటువుల యాటలే లెవ్వా?"

బావ చెయ్యి కంచంలో ఆగిపోయింది. నా భార్య ఆయన ముఖం చూడటం లేదు, ఆ చేతినే చూస్తోంది. అది చెంబు వైపు వస్తుందా, ముద్ద వైపు పోతుందా?

"తునక వడ్డదారా?" అని అడిగింది ముసలవ్వ.

"పడలేదవ్వా."

"మరింకేంది? తునక లేని షోర్వా చారుతోటి సమానం."

"తెల్వక తిన్నదానికి దోషం ఉండదు" అని బావ తీర్పు చెప్పి ముద్ద ఎత్తాడు. కంచం ఖాళీ చేశాడు. అప్పుడు తల పైకెత్తి, ఫ్యాన్‌నే చూస్తూ, కంచం ముందుకు జరిపాడు.

"మరదలా, ఇంకింత తెల్వకుండ పొయ్యి."

నా భార్య గోడ వైపు తిరిగి, గరిటె నిండా ముంచి పోసింది.